రేపటి డైలాగుకు పనికిరాని ఆకు

వెనకనుంచి ప్రాంప్టింగ్ అందుతుంటే షాట్ నడిచిపోయే ఈ రోజుల్లోనూ, పేజీ డైలాగును సింగిల్ టేక్‌లో చెప్పిన నటుడికి ఫిల్మ్‌నగర్‌లో దక్కే గౌరవమే వేరు. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి.రామారావు పలికిన సంభాషణలు నేటికీ కొలబద్దగా నిలిచింది అందుకే. ఇలాంటి చోట, జ్ఞాపకశక్తికి పేరుపడ్డ బ్రాహ్మి క్యాప్సూల్ మీద ఆశ పుట్టడం సహజం. కాని ఈ రాత్రి మింగి రేపు పొద్దున కెమెరా ముందు నిలబడేవాడికి ఆ మొక్క వల్ల ఒరిగేదేమీ లేదు. దాని మేలు నెలల మీద తేలేది. ఈ సంగతి క్యాప్సూళ్లు అమ్మేవాళ్లకన్నా పాత వైద్యులకే బాగా తెలుసు.

ముందు మొక్క ఏదో తేల్చుకోవాలి. మన పెరళ్లలో సరస్వతి ఆకు పేరుతో పాకేది ఎక్కువగా మండూకపర్ణి. దాని మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2017లో చేసిన సమీక్షలో జ్ఞాపకానికి చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు; చురుకుదనం కాస్త పెరిగి, కోపం కాస్త తగ్గిన సూచనలున్నాయి. (షూటింగ్‌లో అదీ తక్కువ మేలు కాదు.) జ్ఞాపకం విషయంలో బలమైన ఆధారాలు దొరికింది చిత్తడి నేలల్లో పెరిగే, దళసరి చిట్టి ఆకుల నీరుబ్రాహ్మికి. 2001లో ఆస్ట్రేలియాలో 38 మందితో జరిపిన ప్రయోగంలో ఒక్క మోతాదు ఇచ్చి రెండు గంటల తర్వాత పరీక్షిస్తే ఏ మార్పూ లేదు. అదే ఏడాది 46 మందితో జరిపిన ప్రయోగంలో రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, పన్నెండు వారాలకుగాని ఫలితం బలంగా తేలలేదు. 2002 నాటి మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 40 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 76 మంది మూడు నెలల పాటు పాల్గొన్నారు. కొత్తది నేర్చుకునే వేగం వాళ్లలో మారలేదు. నేర్చుకున్నది మరిచిపోవడం మాత్రం తగ్గింది.

మెదడులో ఇది ఎలా జరుగుతుంది? జంతువుల మీద చేసిన పరిశోధనల ప్రకారం, నీరుబ్రాహ్మిలోని బాకోసైడ్లు నాడీకణాల మధ్య సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును నెమ్మదింపజేస్తాయి. ఎలుకల నాడీకణాలు కొమ్మలు ఎక్కువగా వేసినట్టూ చూశారు. కొమ్మ వేయడం గంటల్లో అయ్యే పని కాదు గనుక వారాల ఆలస్యం వింతేమీ కాదు.

సంప్రదాయ పద్ధతి ఈ నిదానానికి సరిగ్గా సరిపోతుంది. చరకుడు బ్రాహ్మీ ఘృతాన్ని చెప్పింది పరీక్షల కోసం కాదు, అపస్మారానికి, అంటే మూర్ఛవ్యాధికి. బ్రాహ్మీ రసంలో వస, చెంగల్వ కోష్ఠు, శంఖపుష్పి చేర్చి పాత నేతిలో కాచాలి. సాధారణ కొలత: ఈ మూలికల ముద్ద ఒక పాలు, నెయ్యి నాలుగు పాళ్లు, రసం పదహారు పాళ్లు. నురగ అణగాలి, ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా రావాలి, నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. తడి మిగిలితే మందు పాడవుతుంది. అంతా ఎగిరిపోయి మాడితే గుణం పోతుంది. ఇంత శ్రమపడి చేసేది ఒక్కరోజు వాడకానికి కాదు.

‘నిదానంగా పనిచేస్తుంది’ అనడం ‘పనిచేయదు’ అనడానికి మర్యాద మాటేనా? మూడు నెలలూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోల్చి చూశాకే ఆ తేడా తేలింది కాబట్టి ఈ అనుమానం నిలవదు. అయితే ఆ ప్రయోగాలు చిన్నవి, వాడినవి నిర్దిష్టమైన సారాలు. ఆ ఫలితాన్ని బజారులోని ప్రతి సీసాకూ అంటగట్టలేం. సాధన ఉంటే ఆకు ఎందుకన్న ప్రశ్న ఇంకా గట్టిది. అవధానికి ధారణ అబ్బేది అభ్యాసంతోనే, నటుడికీ అంతే. వల్లె వేయని డైలాగును ఏ ఆకూ గుర్తు చేయదు. వల్లె వేసింది నిలుపుకోవడానికే దాని సాయం, అదీ కొద్దిగా. నెలల తరబడి ఒకే పాత్రను మోసే రంగస్థల నటుడికి ఆ కొద్దిపాటి సాయం పనికిరావచ్చు.

కాల్షీట్ ముందురోజు మొదలుపెట్టినవాడికి ఫలితం తలలో కాక కడుపులో తెలిసే అవకాశమే ఎక్కువ: వికారం, పొత్తికడుపు నొప్పి, పదేపదే విరేచనాలు. థైరాయిడ్, మూర్ఛ, నిద్ర మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. మురుగు కలిసిన నీళ్లలో పెరిగితే నీరుబ్రాహ్మి సీసం, కాడ్మియం వంటి లోహాలనూ పీల్చుకుంటుంది. కాబట్టి సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, బాకోసైడ్ల శాతం, లోహ పరీక్ష వివరం ఉన్నాయో లేదో చూడాలి.