చూపులేనివారికి చీటీయే అడ్డము

హెచ్.ఐ.వి. చికిత్సను గూర్చి మన ప్రచార పత్రములు చెప్పు శాస్త్రవిషయములు చాలవరకు సరియైనవే. 2004 ఏప్రిల్ 1న అధికవ్యాప్తి గల ఆరు రాష్ట్రములలో ఉచిత చికిత్స మొదలైనది. అందు నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు పెక్కుమందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ అను మూడు మందులు కలిసిన మాత్ర రోజున కొకటి చాలును. కాని ఈ పత్రములలో ఒక లోపము కలదు. అవి కన్నులున్నవారికొరకే వ్రాయబడినవి.

ఇది చిన్న లోపము కాదు. ఈ వ్యాధియే కొందరి చూపును హరించును. రక్తములో సి.డి.4 కణములు ఘన మిల్లీమీటరునకు 50 కంటె తగ్గినప్పుడు సైటోమెగలో వైరస్ కంటి వెనుకనున్న రెటీనాను పాడుచేయవచ్చును. పాడైన భాగము తిరిగి రాదు. కనుక చికిత్స మిక్కిలి అవసరమైనవారిలోనే చీటీ చదువలేనివారును ఉందురు.

మాత్ర యొక్కటే యైనను నియమములు కలవు. పరగడుపున ఇనుము, కాల్షియం మాత్రలు వాడువారు డోల్యుటెగ్రావిర్‌ను వానికి 2 గంటలు ముందుగాని, 6 గంటల తరువాతగాని వేసికొనవలెను. లేనిచో ఆ ఖనిజములు మందుతో బంధమేర్పరచుకొని, దానిని ప్రేగులు పీల్చుకొనకుండ చేయును. క్షయకు రిఫాంపిసిన్ వాడువారికి 12 గంటల తరువాత మరియొక డోల్యుటెగ్రావిర్ మాత్ర కావలెను. ఏలయన రిఫాంపిసిన్ ఆ మందును శరీరములో త్వరగా హరింపజేయును.

తోడువచ్చినవారు చదివిపెట్టుదురు కదా యని కొంద రందురు. మా నకిరేకల్ వంటి ఊరిలో అందరును ఎరిగినవారే. నల్లగొండలోని చికిత్సాకేంద్రమునకు పోవునప్పుడు తోడువచ్చినవానికి చీటీ చూపిన, రహస్యము చెప్పినట్లే యగును. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. చట్టము రోగి సమ్మతి లేక వ్యాధిని వెల్లడింపరాదని శాసించుచున్నది. చీటీ చదువలేనివానికి ఈ హక్కు కాగితముపైననే మిగులుచున్నది.

ఐరోపా యూనియన్ 2004లోనే మందుపెట్టెలపై పేరును బ్రెయిలీలో ముద్రింపవలెనని నిర్దేశించినది. అయితే నడివయస్సున చూపు పోయినవారిలో పెక్కుమందికి బ్రెయిలీ రాదు. వారికి మాటయే మార్గము. సూచనలను ఫోనులో మాటగా నింపి ఇయ్యవచ్చును. రోగి వానిని చెవిగొట్టముతో తానొక్కడే వినును. ఒక సీసాకు ఒక రబ్బరు పట్టీ, మరియొకదానికి రెండు వేసినచో చేయియే చదువును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పరీక్ష చేయింపవచ్చును. ఒకే ఆకారము గల రెండు సీసాలలో శనగలు, బఠాణీలు పోసి మూతలు బిగించి, విద్యార్థి కన్నులకు గుడ్డ కట్టి శనగల సీసా నిమ్మని అడుగుడు. తరువాత ఒకదానికి పట్టీ వేసి మరల అడుగుడు. ఆ పట్టీ ఖరీదెంతో, అది చేసిన మేలెంతో పిల్లలే చెప్పుదురు.