నీట మునిగిన పేర్లు: ‘నత్సుమె యూజిన్‌చో’ తొలి భాగాలపై ఒక పరిశీలన

జపాను జానపద విశ్వాసాలలోని అదృశ్య సత్త్వాలకు ‘యోకాయ్’ అని పేరు. చెట్టునో, చెరువునో, పాడుబడిన గుడినో ఆశ్రయించి ఉండే ఈ సత్త్వాలు పూర్తిగా దేవతలు కారు, పూర్తిగా పిశాచాలూ కారు. జాతక కథలలోని యక్షులకు, వృక్షదేవతలకు దగ్గరివారు. వీరిని గురించి మిదొరికవా యుకి రచించిన చిత్రకథ ఆధారంగా, ఒమొరి తకహిరొ దర్శకత్వంలో 2008లో ‘నత్సుమె యూజిన్‌చో’ అనే యానిమే ధారావాహిక ప్రసారమయింది. 2024 నాటికి అది ఏడు విడతలకు చేరింది. మొదటి విడతలోని తొలి ఆరు భాగాలు చూసిన మీదట కలిగిన అభిప్రాయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

కథానాయకుడు నత్సుమె అనాథ బాలుడు. ఇతరులకు కనిపించని సత్త్వాలు అతనికి కనిపిస్తాయి. అతని అమ్మమ్మ రేకొ ఒకప్పుడు యోకాయ్‌లను పందెంలో ఓడించి, వారి పేర్లు రాయించుకొని ఒక పుస్తకంగా కూర్చింది. పేరు ఎవరి చేతిలో ఉంటే వారి ఆజ్ఞకు ఆ సత్త్వం కట్టుబడి ఉండవలసిందే. పుస్తకానికి వారసుడైన నత్సుమె ఆ అధికారాన్ని వాడుకోడు. ఒక్కొక్క కాగితాన్నీ చించి నోట పట్టుకొని, చేతులు జోడించి, ఊపిరి వదులుతాడు. అక్షరాలు కాగితం నుండి లేచి వాటి స్వంతదారును చేరుకుంటాయి. ఇచ్చిన ప్రతిసారీ బాలుడు అలసి సొమ్మసిల్లుతాడు. త్యాగానికి శ్రమ ఉందని చూపిన ఈ దృశ్యం ధారావాహికలో అన్నిటికంటె బలమైనది.

రెండవ భాగంలో ఒక చిన్న గుడిలోని మంచుబిందువుల దేవత కనిపిస్తాడు. కరవుకాలంలో జనం మొక్కుకోగా మరునాడు వాన కురిసింది. అది మొదలు ఆ గుడిలో చేరిన అనామక సత్త్వం దేవత అయింది. భక్తులు తగ్గిన కొద్దీ అతని ఆకారం అరచేతిలో ఇమిడేంతగా కుదించుకుపోయింది. చివరి భక్తురాలైన వృద్ధురాలు మరణించగానే అతడూ అంతర్ధానమవుతాడు. ఆ అంతర్ధానంలో భయం లేదు, ఫిర్యాదు లేదు. దీనిని అనిత్యతా బోధగా చదవవచ్చు. కాని ప్రతి యోకాయ్‌నూ ప్రేతగా, ప్రతి కన్నీటినీ ధర్మోపదేశంగా మార్చే తొందర మనకు తగదు. ఈ కథలో పునర్జన్మ విచారణ లేదు, మార్గమూ లేదు. ఉన్నది మైత్రి మాత్రమే.

ఆ మైత్రికి మన సంప్రదాయంలో సమాంతరం హారీతి కథ. పిల్లలను భక్షించే ఆ యక్షిణిని బుద్ధుడు సంహరించలేదు. ఆమె ముద్దుబిడ్డను భిక్షాపాత్ర కింద దాచి, పుత్రశోకం ఎటువంటిదో ఆమెకు తెలియజేశాడు. ఇకపై సంఘం ఆమెకు ఆహారం పెడుతుందని మాట ఇచ్చాడు. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన ఇత్సింగ్, విహారాలలో హారీతి ప్రతిమకు ప్రతిదినం అన్నం నివేదించే ఆచారాన్ని నమోదు చేశాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి హారీతి ఆలయ శిథిలాలు బయల్పడ్డాయి. జపానులో ఆమె కిషిమోజిన్ అనే పేరుతో నేటికీ పూజలందుకుంటున్నది. మన కృష్ణాతీరానికి, జపాను గుడికి ఉమ్మడి అయిన ఈ యక్షిణిని ఎరిగిన పాఠకునికి ఈ ధారావాహిక పరాయిదిగా తోచదు.

ఆరవ భాగం మనకు మరింత దగ్గరిది. ఆనకట్ట కింద మునిగిన గ్రామం అనావృష్టి వల్ల మళ్ళీ పైకి తేలుతుంది. దానితోపాటు అక్కడి సత్త్వాలూ బయటికి వస్తాయి. వాటిలో ఒక స్వాలో పక్షి, ఒకప్పుడు తనపై దయ చూపిన మనిషిని ఒక్కసారి చూడాలని కోరుతుంది. ఇది చూస్తూ నాగార్జునకొండను తలచుకోని తెలుగువాడు ఉండడు. 1954 నుండి 1960 వరకు సాగిన తవ్వకాల అనంతరం ఆ లోయ జలాశయంలో మునిగింది. నేను ఈ వ్యాసం రాస్తున్న సూరత్‌కు ఎగువన, తాపీనదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట కింద కూడా ఎన్నో పల్లెలు మునిగాయి.

ధారావాహికలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. ఊరు మునిగిందన్న దుఃఖం ఉంది గాని, ఎవరి అవసరానికి మునిగింది అన్న ప్రశ్న లేదు. రేకొ బలవంతంగా పేర్లు గుంజుకున్న సంగతిని సైతం ఆమె ఒంటరితనం మాటున కథ మెత్తబరుస్తుంది. దుఃఖాన్ని ఇంత ఆర్ద్రంగా చూపిన రచన దుఃఖసముదయం వైపు చూపు సారించదు. భాగం చివర కన్నీరు పెట్టించే పద్ధతి అప్పటికే అలవాటుగా మారుతున్నది.

వారసత్వ పరిశోధకులమైన మన లోపం దీనికి విపరీతమైనది. మనకు కారణాలు, కాలాలు, పొరలు తెలుసు; పేర్లు తెలియవు. అనకాపల్లి సమీపాన శంకరంలోని బొజ్జన్నకొండపై కనుమనాడు జనం ఒక బౌద్ధ అవశేషాన్ని రాక్షసుని బొజ్జగా భావించి రాళ్ళు రువ్వుతూ వచ్చారు. ఇటీవలి ప్రయత్నాల వల్ల ఆ ఆచారం తగ్గింది. ‘బుద్ధుడు’ అన్న పేరు మరుగున పడిన చోట ఆయన స్మారకమే భూతమయింది.

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలున్నాయి. వారి మనుమలు ఫోన్లలో యానిమేలు చూస్తారు. యోకాయ్ పేర్లు కొన్ని చెప్పగలరు. తమ ఊరి గట్టుమీది రాయిని ఏ పేరుతో పిలిచేవారో, దానికి ఏమి నైవేద్యం పెట్టేవారో చెప్పగలిగినవారు మాత్రం తాత అవ్వలే. క్షేత్రపరిశోధన చేసేవారు శిథిలాల కొలతలతోపాటు ఊరు విడిచి వెళ్ళినవారి జ్ఞాపకాలనూ నమోదు చేయాలి. ఆ రాళ్ళలో కొన్ని స్తూపాలకు చెందినవి కావచ్చు, కొన్ని కాకపోవచ్చు. ఆ తేడా తేల్చడం తరువాతి పని. పేరు చెప్పగలవారు ఉన్నప్పుడే ముందు దానిని రాసుకోవాలి.