ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్

జుంబా అనే డ్యాన్స్ వ్యాయామం నేర్పడానికి లైసెన్సు ఒక్కరోజు శిక్షణతో వస్తుంది. 'బేసిక్ వన్' అనే ఆ పాఠంలో సాల్సా, మెరెంగే, కుంబియా, రెగెటాన్ అనే నాలుగు లయల మూలపు అడుగులు చెబుతారు, వాటిని పాటకు అతికించే పద్ధతి చెబుతారు. పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రానికి సర్టిఫికెట్‌తో బయటికొస్తారు. హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల్లో స్టూడియో బోర్డులకు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో డ్యాన్స్ ఫిట్‌నెస్ బ్యాచ్‌లకు కొదవ లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అసలు పని మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాకే మొదలవుతుంది. ఆ పని తెలిసినవాళ్లు క్లాసు చెబుతుంటే గంటసేపు గోడకానుకుని చూస్తూ ఉండిపోవచ్చు.

ముందు లెక్క చూద్దాం. నిమిషానికి 130 బీట్ల పాట అనుకోండి. ఎనిమిది కౌంట్లు మూడున్నర సెకన్లు దాటి, నాలుగు సెకన్లలోపే అయిపోతాయి. స్టెప్పు మారబోతోందని చెప్పడానికి ఇన్‌స్ట్రక్టర్‌కి దొరికేది అందులో చివరి నాలుగు కౌంట్లు, అంటే రెండు సెకన్ల కంటే తక్కువ. ఆ వ్యవధిలో తన కాళ్లు పాత స్టెప్పునే వేస్తుండాలి, చెయ్యి మాత్రం కొత్త స్టెప్పు ఎటు వెళ్తుందో చూపించాలి. క్లాసులో ముప్పైమంది ఉంటే ముప్పైమందీ అది చూసి, అర్థం చేసుకుని, ఒకటో కౌంట్‌కి కదలాలి. కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్టెప్పు మార్చిన తర్వాత 'రైట్!' అని అరుస్తారు. అప్పటికే సగం క్లాసు ఎడమకు వెళ్లి ఉంటుంది. మన కోలాటంలో గురువు కోపు (ఆట తీరు) మార్చేముందు సైగ చేసే ఆ అర క్షణం ఎంత ముఖ్యమో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దీనికంటే సూక్ష్మమైన పని బరువుది. కుడికాలు కదలాలంటే ఒంటి బరువు ఎడమకాలి మీద ఉండాలి. వినడానికి చిన్న సంగతే, కానీ క్లాసు మొత్తం దీనిమీదే నిలబడుతుంది. గ్రేప్‌వైన్ అనే పక్క నడక తీసుకోండి. కుడి పక్కకు, ఎడమ వెనక్కి, మళ్లీ కుడి పక్కకు, నాలుగో కౌంట్‌కి ఎడమ పాదంతో ఊరికే ఒక తట్టు. ఆ తట్టు వల్ల బరువు కుడికాలి మీదే నిలిచి, ఎడమకాలు ఖాళీగా ఉంటుంది. తర్వాతి అడుగు ఎడమవైపుకు దానంతటదే పడుతుంది. మంచి ఇన్‌స్ట్రక్టర్ రెండు స్టెప్పుల్ని పక్కపక్కన పెట్టేముందు మొదటిది ఏ కాలి మీద ముగుస్తుందో చూసుకుంటుంది. కుదరకపోతే మధ్యలో ఒక చప్పటో, భుజాల ఊపో పెట్టి సర్దుతుంది. చేసేవాళ్లకి అది అలంకారంలా కనిపిస్తుంది. నిజానికి అది అతుకు. తనకు డ్యాన్స్ రాదని ఇన్నాళ్లూ నమ్మిన మనిషికి 'ఇవాళ భలే వచ్చిందే' అనిపించిందంటే, అందులో ఇలాంటి అతుకులకు పెద్ద వాటా ఉంటుంది.

ఇంటి దగ్గర కాగితం మీద చేసే పని వేరే ఉంది. తెలుగు సినిమా పాటకు పల్లవి, చరణం, మధ్యలో వాద్యసంగీతం ఉంటాయి కదా, పల్లవి వచ్చిన ప్రతిసారీ అదే స్టెప్పు వస్తే జనం మూడోసారికి చూడకుండానే వేసేస్తారు. చిక్కంతా వాద్యసంగీతంతోనే. అది ప్రతిసారీ ఎనిమిదుల్లోనే ముగియదు. ఒక్కోసారి రెండో నాలుగో బీట్లు మిగిలిపోతాయి. ఆ మిగిలినవాటిని లెక్కపెట్టి రాసుకోనివాళ్ల క్లాసులో రెండో చరణానికల్లా గందరగోళం మొదలవుతుంది.

అద్దం సంగతి మరీ ఆసక్తికరం. 1969లో అమెరికాలో జూడీ షెపర్డ్ మిస్సెట్ జాజ్ డ్యాన్స్ నేర్పుతుంటే, వచ్చిన గృహిణులు కొన్నాళ్లకే మానేస్తుండేవారు. ఆవిడ వాళ్ల వీపులు అద్దం వైపు తిప్పించి, తానే వాళ్లకి అద్దమై నిలబడింది. జాజర్‌సైజ్ అనే డ్యాన్స్ వ్యాయామం అలా పుట్టింది. క్లాసుకి ఎదురుగా నిలబడి నేర్పేవాళ్లు ఇప్పటికీ అదే చేస్తున్నారు. ఎదుటివాళ్లకి కుడి కావాలంటే తాము ఎడమ వెయ్యాలి, నోటితో మాత్రం 'కుడి' అనాలి. పాట సాగినంతసేపూ మాట ఒకవైపు, కాలు ఒకవైపు. ప్రయత్నించి చూడండి, మొదటి పల్లవి దాటడం కష్టం.

జుంబా మొదలైంది మాత్రం ఒక మతిమరుపుతో. 1990ల్లో కొలంబియాలోని కాలీ నగరంలో బేటో పెరెజ్ ఒకరోజు ఏరోబిక్స్ క్యాసెట్ మర్చిపోయి, తన దగ్గరున్న సాల్సా, మెరెంగే టేపులతో క్లాసు నడిపేశాడు. 2001లో మయామీలో మరో ఇద్దరితో కలిసి దాన్ని కంపెనీ చేశాడు. ఈ పద్ధతిలో మాటలు తక్కువ, సైగలు ఎక్కువ. హైటెక్ సిటీకి ఇది అతికినట్టు సరిపోయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడికి దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చారు. ఒకే బ్యాచ్‌లో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ వినిపిస్తాయి. నాలుగు వేళ్లు పైకెత్తితే 'ఇంకో నాలుగు' అనీ, తలమీద తట్టితే 'మొదటి నుంచి' అనీ అందరికీ తెలుస్తుంది.

లాటిన్ లయలు మనకు పరాయివని కొందరు అనుకుంటారు. నేనొప్పుకోను. కుంబియాకు ఆఫ్రికా మూలాలున్నాయి. మన హైదరాబాద్ పెళ్లి బరాత్‌ల్లో మోగే మర్ఫా కూడా యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సంతతి సిద్దీలు తెచ్చిందే. ఏసీ గార్డ్స్ పేట పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సే. ఆ మర్ఫాలోంచి వచ్చిన తీన్మార్ మోగితే ఈ ఊళ్లో కాలు ఆగదు. ఆ సంగతి తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ జనం నీరసపడే వేళకి తీన్మార్ పాట అట్టిపెడుతుంది.

'నాటు నాటు' దగ్గర పనితనం బయటపడుతుంది. కీరవాణి దాన్ని 6/8 నడకలో కట్టారు. ఎనిమిది కౌంట్ల అలవాటుతో వెళ్తే కాలు తప్పుతుంది, మూడేసి చిన్న దెబ్బల్ని ఒక్కో పెద్ద దెబ్బగా వినాలి. ప్రేమ్ రక్షిత్ కూర్చిన స్టెప్పులు ఇద్దరు హీరోల ఒళ్లకోసం చేసినవి. వాటిని యథాతథంగా నలభై ఏళ్ల మోకాళ్ల మీద రుద్దడం నేరం. తెలిసినవాళ్లు గెంతు తీసేసి మడమ తట్టిస్తారు, చేతుల ఊపు మాత్రం పూర్తిగా ఉంచుతారు. పాట పోలిక పోదు, మోకాలూ పోదు.

క్లాసుకొచ్చే ఒళ్ల గురించి ఒక లెక్క ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్టు తేలింది. రోజంతా కూర్చుని, క్యాబ్ దిగి నేరుగా ఏడు గంటల బ్యాచ్‌కి వచ్చేవాళ్లు ఇలాంటివాళ్లే. అందుకే వార్మప్‌లో తొడ ముందు కండరాల్ని, ముడుచుకున్న ఛాతీని ముందు తెరుస్తారు. తర్వాత రాబోయే స్టెప్పుల్నే నెమ్మదిగా, గెంతులు లేకుండా అక్కడే రుచి చూపిస్తారు. మధ్యలో మాట్లాడిస్తారు. పాట మధ్య ఒక వాక్యం కూడా పూర్తిచేయలేనంత రొప్పుతుంటే ఆ మనిషి తగ్గించుకోవాలని అర్థం. ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లుంటారు గనక మొదటి రెండు పాటలూ ఎక్కడ అందుకున్నా అందేలా కూర్చుకుంటారు.

ఫీజు కట్టేముందు ఒక ట్రయల్ క్లాసుకి వెళ్లి చివరి వరుసలో నిలబడండి. ఇన్‌స్ట్రక్టర్ ఎంత బాగా ఆడుతోందో చూడొద్దు. స్టెప్పు మారినప్పుడు మీ పక్కవాళ్ల కాళ్లు ఎటు వెళ్తున్నాయో చూడండి. అందరివీ ఒకేవైపు వెళ్తుంటే, మోకాలి నొప్పి ఉందని చెప్పగానే ఆవిడ మీకు వేరే అడుగు చూపిస్తే, ఆ బ్యాచ్‌లో చేరిపోండి.