గాంధారం లేని గిటార్

ఇంగ్లండ్ జానపదానికి గిటార్ పుట్టింటి వాద్యం కాదు. అక్కడి పల్లె గాయకుల్లో చాలామంది పక్కవాద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడినవాళ్ళే. నార్‌ఫోక్ తీరంలో చేపలు పట్టిన శామ్ లార్నర్ అలాంటివాడు. కుర్రతనంలో ఆ ముసలాయన పాట విన్న గాయకుడు, గిటార్ వాద్యకారుడు మార్టిన్ కార్తీని ఆ గొంతు జీవితాంతం వదల్లేదు.

1941లో పుట్టిన కార్తీ తరం గిటార్ పట్టింది మాత్రం లోనీ డోనెగన్ పాడిన అమెరికన్ పాటలు విని. కార్తీ చేతికి దారి చూపినవాళ్ళు ఇద్దరు నల్లజాతి అమెరికన్లు: బిగ్ బిల్ బ్రూంజీ, ఎలిజబెత్ కాటన్. బ్రూంజీ బొటనవేలు మంద్రతీగను ఆగకుండా కొడుతూనే ఉండేది. ఎడమచేతివాటం కాటన్ గిటార్‌ని తిరగేసి పట్టుకుని, బొటనవేలితో బాణీనే పలికించేది. ఇద్దరి విద్యనూ కార్తీ ఇంగ్లిష్ పాటకు వంచాడు. అందుకు తీగల శ్రుతే మార్చుకున్నాడు.

క్రమంగా కుదురుకున్న ఆ శ్రుతి మన లెక్కలో స ప స రి ప ధ. గాంధారం లేదు! సాధారణమా, అంతరమా అన్నది తీగలు ముందే తేల్చవు, పాటే తేల్చాలి. పాత ఇంగ్లిష్ బాణీలకు కావలసింది ఆ స్వేచ్ఛే. మామూలు గిటార్ కార్డులు వాటికి బిగుతు చొక్కాల్లాంటివి. కార్తీ కార్డులు పరచడు. గొంతు పాడుతున్న బాణీనే తీగల మీద నడుపుతాడు, మంద్రతీగ దెబ్బను తాళంగా వాడతాడు. మాట కోసం గొంతు ఓ క్షణం ఆగితే గిటారూ ఆగుతుంది.

1962 చివర్లో లండన్ వచ్చిన బాబ్ డిలన్ ఇతని దగ్గర ‘స్కార్‌బరో ఫెయిర్’, ‘లార్డ్ ఫ్రాంక్లిన్’ విని రెండు కొత్త పాటలు కట్టుకున్న సంగతి చాలామందికి తెలుసు.  నన్ను పట్టి ఉంచేది దానికి ఎదురు ప్రయాణం: అమెరికా నుంచి ఇంగ్లండ్‌కి వచ్చిన బాణీ.

1972 నాటి ‘షియర్‌వాటర్’ ఆల్బమ్‌లో ‘ఫేమస్ ఫ్లవర్ ఆఫ్ సర్వింగ్ మెన్’ వినండి. తల్లి పన్నాగంతో భర్తనూ బిడ్డనూ పోగొట్టుకున్న స్త్రీ జుట్టు కత్తిరించుకుని, మగవేషంలో రాజు కొలువులో చేరుతుంది. చెదిరిన ఈ ఇంగ్లిష్ కథాగేయాన్ని కార్తీ తానే అతికి, చరణాలు కూర్చి నిలబెట్టాడు. బాణీ మాత్రం జార్జియా గాయని హెడీ వెస్ట్ పాడిన ఓ పాటది. 1916–18లో పాటల సేకర్తలు సెసిల్ షార్ప్, మాడ్ కార్పెలెస్ అపలాచియన్ కొండల్లో వెతికి రాసుకున్నది, ఇంగ్లండ్ నుంచి వలసవాళ్ళతో అక్కడికి చేరిన ఇలాంటి పాటలనే.

ఇంచుమించు తొమ్మిది నిమిషాల పాట. పల్లవి లేదు, చరణం తర్వాత చరణం. గిటార్ ఒకే వరసను మళ్ళీమళ్ళీ మీటుతుంది, విసుగు రాదు. తెల్ల లేడి రాజును అడవిలోకి లాక్కెళ్ళే చోట కూడా కార్తీ గొంతు పెంచడు. వాద్యంతో భయపెట్టడు. కథలో ఏం జరగబోతోందో తెలిసినవాడిలా, అదే నడకలో ముందుకు సాగుతాడు.