సుంపితాన్: గురి దొరికాకే నిండే ఆయుధం

బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్‌కు విడిగా సేఫ్టీ కొని బిగించుకోవడం అవసరమా అని వేటగాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. 1898 నాటి జర్మన్ మౌజర్‌లో బోల్ట్ వెనక రెక్కలాంటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే ఫైరింగ్ పిన్నే కదలకుండా బిగుసుకుపోతుంది. పైన స్కోప్ కిందికంటా అమర్చితే ఆ రెక్క తిరగడానికి చోటు చాలదు. అందుకే పక్కకు జరిగే మీటలు అమ్మకానికి వచ్చాయి. వాటిలో చాలావరకు ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతాయి. వెనక స్ప్రింగు బిగిసిన పిన్ అలాగే కాచుకుని ఉంటుంది. 2014లో రెమింగ్టన్ సంస్థ ట్రిగ్గర్ లోపం వల్ల తుపాకీ దానంతటదే పేలవచ్చని చెప్పి, మోడల్ 700 రైఫిళ్లను వెనక్కి రప్పించింది. నా మటుకు నేను చెప్పేది ఇదీ: పిన్‌ను పట్టే సేఫ్టీ అయితే ఖర్చు పెట్టవచ్చు, ట్రిగ్గర్‌ను మాత్రమే పట్టేదాని కోసం పాత రెక్కను వదులుకోవడం నష్టం.

ఏ మీట బిగించినా, తూటా నింపిన తుపాకీతో తీగలూ పొదలూ దాటుకుంటూ నడిచే మనిషి ప్రమాదాన్ని భుజాన మోస్తున్నట్టే. అడవి పంది అనుకుని తోటివాణ్ని కాల్చిన వార్తలు మలేషియా పత్రికల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అదే దేశపు అడవుల్లో ఈ చిక్కును తయారీలోనే తీర్చుకున్న వేట ఆయుధం ఒకటుంది. మలయ్ భాషలో సుంపితాన్, తెమియార్, సెమాయ్ తెగల మాటల్లో బెలావ్, బోర్నియోలోని పెనాన్‌లకు కెలెపుత్. మన అమ్మమ్మలు పొయ్యి రాజేసిన ఊదుగొట్టమే రెండు మీటర్ల పొడవు సాగితే ఎలా ఉంటుందో, చూడడానికి అలా ఉంటుంది.

మలేషియాలోని పెరాక్, కెలంతాన్ రాష్ట్రాల కొండల్లో ఉండే తెమియార్, సెమాయ్ తెగలవాళ్లు దీన్ని వెదురుతో చేస్తారు. ఏ వెదురు పడితే అది పనికిరాదు. కణుపుకూ కణుపుకూ మధ్య మనిషి ఎత్తును మించి సాగే అరుదైన రకం ఒకటుంది, అది కొన్ని ఎత్తైన కొండగట్ల మీదే పెరుగుతుంది. దాని కోసం దూరాలు నడిచి వెళ్తారు. తెచ్చిన వెదురును ఆరబెట్టి, నిప్పు సెగ చూపిస్తూ వంకర తీస్తారు. సన్నటి గొట్టాన్ని లావుపాటి గొట్టంలో దూర్చుతారు. లోపలిది ఊపిరికి దారి, బయటిది దానికి కాపు. బయటి గొట్టం మీద చెక్కిన గీతలూ ముగ్గులూ చేసినవాడి చేతి పనితనాన్ని పట్టిస్తాయి.

బోర్నియోలో పద్ధతి వేరు. గట్టి కలప దుంగను నిలువుగా నిలబెట్టి, ఎత్తున కట్టిన మంచె మీద నిలబడి పొడవాటి ఇనుప కడ్డీతో పైనుంచి పొడుస్తూ రంధ్రం చేస్తారు. నీళ్లు పోస్తూ పొట్టు బయటికి తీస్తారు. చివర పేము బద్దతో ఈటె మొన కడతారు. ఆ మొన బరువుకు గొట్టం కాస్త వంగుతుంది కాబట్టి, ఆ వంపును ముందే లెక్కగట్టి రంధ్రాన్ని రవ్వంత వంకరగా తొలుస్తారని 1912లో హోస్, మెక్‌డూగల్ బోర్నియో తెగలపై రాసిన గ్రంథం చెబుతుంది. ఈటె కట్టాక రంధ్రం తిన్నగా అవుతుంది. కొలబద్ద లేకుండా ఇంత లెక్క వేసిన చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక బాణం. తాటి జాతి ఆకు కాడల నుంచి చీల్చిన సన్నటి పుల్ల, వెనక మెత్తటి బెండు ముక్క. మలయా ద్వీపకల్పంలో దాని వెనక పీచు ఉండ ఒకటి కుక్కుతారు, ఊదిన గాలి పక్కల నుంచి జారిపోకుండా. ఆ పీచు తుకాస్ అనే చెట్టుది. మన మన్యంలో కల్లు గీసే జీలుగుకు అది దగ్గరి చుట్టం.

మొనకు పూసేది ఇపో చెట్టు పాలు. పనస, మర్రి కుటుంబానికి చెందిన ఈ చెట్టు పేరే పెరాక్‌లోని ఇపో నగరానికి వచ్చింది. అక్కడి రైల్వే స్టేషన్ ముందు ఆ చెట్టును ఇప్పటికీ చూడవచ్చు. బెరడుకు గాటు పెట్టి పాలు పట్టి, సెగ మీద నల్లగా చిక్కబడేదాకా కాస్తారు. రక్తంలో కలిస్తే ఆ విషం గుండె లయను తప్పిస్తుంది. కడుపులోకి వెళ్తే ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకే గాయం చుట్టూ మాంసం కోసి పారేసి మిగతాది తింటారు. మొనకు కాస్త వెనక పుల్లకు చుట్టూ గాటు పెడతారు. కోతి బాణాన్ని పీకేసినా మొన విరిగి లోపలే ఉండిపోతుంది.

భద్రత సంగతి అంబులపొదిలో కనిపిస్తుంది. వెదురు పొదిలో ఒక్కో బాణానికి ఒక్కో సన్నటి రెల్లు గొట్టం, పైన మూత. విషపు మొనలు ఒకదానికొకటి ఒరుసుకోవు, చేతికి గుచ్చుకోవు. వేటగాడు నడిచేటప్పుడు సుంపితాన్ ఖాళీ. కొమ్మ మీద జంతువు కనబడ్డాకే బాణం తీసి, నోటి వైపు నుంచి పెట్టి, పీచు కుక్కి, రెండు చేతులూ నోటి దగ్గరే ఉంచి గొట్టం ఎత్తుతాడు. పొట్టలోంచి ఒక్క ఊపు. కాలు జారి పడినా, తీగ తగులుకున్నా ఆ గొట్టం ఎవరికీ హాని చేయదు. బిగించి ఉంచిన స్ప్రింగు అందులో లేదు మరి. దెబ్బ తగిలినా చప్పుడు ఉండదు కనుక మిగతా మంద చెదరదు, రెండో బాణానికి అవకాశం దొరుకుతుంది. దీనికి దూరం తక్కువ, పెద్ద జంతువు మీద నిదానం. ఆ లోటు తుపాకీ తీరుస్తుందన్నది నిజమే. కానీ దూరం తక్కువ కావడం వల్లే వేటగాడు ఏం కొడుతున్నాడో కళ్లారా చూసి కొడతాడు. పొద కదిలిందని పేల్చడం ఇక్కడ కుదరదు. తోటి వేటగాణ్ని కాపాడేది ఇదే అని నేను నమ్ముతాను.

మలేషియాలో తుపాకీ కలిగి ఉండడం 1960 ఆయుధాల చట్టం కింద లైసెన్సుతోనే సాధ్యం. 2010 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 51వ సెక్షన్ తెమియార్, సెమాయ్‌ల వంటి ఒరాంగ్ అస్లీలు, అంటే అక్కడి ఆదివాసులు, తమ కుటుంబం తిండి కోసం కొన్ని జంతువులను వేటాడుకోనిస్తుంది. ఆ హక్కు కాగితం మీద ఉన్నా, అడవి నరికి పామాయిల్ తోట వేసిన చోట ఇపో చెట్టు మిగలదు, కోతుల మందలూ మిగలవు. పర్యాటకుల కోసం అమ్మే పొట్టి గొట్టాలు ఇంటి గోడకు అందం, అంతే. ఈ విద్య నిలవాలంటే పొడవు కణుపుల వెదురు పెరిగే గట్లూ, పాలు తీసే ఇపో చెట్లూ ఆ ఊళ్లవాళ్ల చేతుల్లోనే ఉండాలి. పిల్లలు విషం పూయని బాణాలతో గురి నేర్చుకునే వయసులోనే తాతల వెంట ఆ గట్లెక్కి ఏ వెదురు కోయాలో, ఏది వదలాలో చూడగలగాలి.