నరకం చూసి వచ్చిన వైద్యురాలు

2011లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్ అనే మానసిక వైద్యశాలలో, మార్షా లినెహన్ తన వాళ్ల ముందూ డాక్టర్ల ముందూ నిలబడి ఒక సంగతి బయటపెట్టారు. అప్పటికి ఆమె వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పేరున్న ప్రొఫెసర్. చావే దిక్కనుకునే రోగులకు అనేక దేశాల్లో చేస్తున్న డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ, ఆమె సృష్టే. ఆ రోజు ఆమె చెప్పింది ఇదీ: తానూ ఒకప్పుడు ఆ ఆసుపత్రిలో రోగినే.

1961లో, పదిహేడేళ్ల వయసులో ఆ పిల్లను అక్కడ చేర్చారు. స్కిజోఫ్రెనియా అన్నారు. మందులు మింగించారు, షాకులిచ్చారు, ఒంటరి గదిలో పెట్టారు. ఎన్ని చేసినా తన ఒంటిని తాను గాయపరచుకోవడం మానలేదు. రెండేళ్లు దాటాక బయటికొచ్చింది. అక్కడ ఉండగానే, ఈ నరకం నుంచి బయటపడితే మళ్లీ వెనక్కొచ్చి మిగతావాళ్లనూ బయటికి తెస్తానని దేవుడికి మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది. 1971లో షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

వైద్యుడు అద్దంలా ఉండాలి, సొంత బతుకు ఆ గదిలోకి రాకూడదని ఫ్రాయిడ్ బడివాళ్లు ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. నా పక్షం అది కాదు. లినెహన్ పద్ధతిని కాస్త దగ్గరగా చూసినా, ఆ పదిహేడేళ్ల పిల్ల పడ్డ బాధ ప్రతి మెలికలోనూ కనిపిస్తుంది.

ఆమె మొదట నమ్ముకున్నది బిహేవియర్ థెరపీ. ప్రవర్తన మార్చుకోమంటే రోగులు తిరగబడ్డారు, అంటే తప్పంతా మాదేనా అని. సరే, మీ బాధను ఉన్నదున్నట్టు ఒప్పుకుందాం అంటే, మమ్మల్ని ఇలాగే వదిలేస్తారా అని కుమిలిపోయారు. రెండూ ఒక్కచోట నిలిపేదాకా ఆమె ఊరుకోలేదు. నీ బాధ నిజం, అయినా నువ్వు మారాలి. ఒప్పుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి కాలిఫోర్నియాలోని శాస్తా ఆబీ అనే జెన్ మఠంలో, ఆ తర్వాత జర్మనీలో విల్లిగిస్ యేగర్ అనే క్రైస్తవ సన్యాసి దగ్గర సాధన చేశారు. కేథలిక్ భక్తురాలైన ఆమె జెన్ ధ్యానంలో కూర్చుని, అందులోంచి మతాన్ని పక్కనపెట్టి, ఎవరైనా చేయగలిగే అభ్యాసాలుగా విడమరిచారు. ఇంత సాహసం మరొకరు చేయగా నేను చూడలేదు.

ఇక పనితనం. రోగి వారంలో ఒకరోజు తనను గాయపరచుకుందనుకోండి. తర్వాతి కలయికలో థెరపిస్టు మందలించరు, ఓదార్చి వదిలెయ్యరు. ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషం తవ్వుతారు. ముందురాత్రి నిద్ర పట్టిందా? ఫోన్‌లో ఎవరేమన్నారు? ఆ మాట విన్నప్పుడు ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది? తర్వాత మనసులో వచ్చిన మొదటి ఆలోచన ఏది? ఆ సంఘటనల గొలుసులో ఏ లంకె దగ్గర వేరే పని చేసి ఉండొచ్చో ఇద్దరూ కలిసి వెతుకుతారు.

ఆ వేరే పని కూడా చేతికందేలా ఉంటుంది. బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి, కళ్లూ చెంపలూ మునిగేలా అర నిమిషం ముఖం పెట్టమంటారు. చల్లటి నీళ్లు ముఖానికి తగిలితే గుండె వేగం తగ్గడం శరీరానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఉప్పెనలా వచ్చిన ఉద్వేగం ఆలోచించడానికి వీలైనంత దిగుతుంది. (గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఈ పని చేయకూడదు.) ఒంటరి గదిలో ఉన్న ఆ పిల్లకు, ఈ క్షణంలో ఇది చెయ్యమ్మా అని ఎవరూ చెప్పలేదనే నాకు తోస్తుంది.

మరొక నియమం చూడండి. కష్టం ముంచుకొచ్చినప్పుడు, చెయ్యి జారకముందే, థెరపిస్టుకు ఫోన్ చేయొచ్చు. గాయపరచుకున్నాక మాత్రం ఇరవై నాలుగు గంటలు థెరపిస్టు నుంచి ఫోన్ సలహా దొరకదు, ప్రాణానికి ముప్పుంటే తప్ప. పైకి కఠినంగా కనిపిస్తుంది. కానీ గాయపడితేనే నలుగురూ చుట్టూ చేరే చోట రెండేళ్లు గడిపిన మనిషికే ఈ నియమం విలువ తెలుస్తుంది.

ఇక్కడే నా కోపం. మన దగ్గర రెండు రోజుల వర్క్‌షాప్‌లో సర్టిఫికెట్ తెచ్చుకుని డీబీటీ చేస్తామని బోర్డు పెట్టేవాళ్లున్నారు. నేనూ డిప్రెషన్ దాటొచ్చాను కాబట్టి మీకు వైద్యం చేస్తానని రీల్స్‌లో పిలిచేవాళ్లున్నారు. బాధపడటం అర్హత కాదు! లినెహన్ దశాబ్దాలపాటు తన కథ లోకానికి చెప్పలేదు. ముందు పద్ధతిని పరీక్షకు పెట్టారు. 1991లో అచ్చయిన అధ్యయనంలో, ఏడాదిపాటు ఈ చికిత్స పొందిన స్త్రీలలో మామూలు చికిత్స పొందినవారికన్నా తమను తాము గాయపరచుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో గడిపిన రోజులూ తగ్గాయి. 1993లో పద్ధతినంతా పుస్తకంగా విప్పి పెట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ సొంత గాయం మాట ఎత్తలేదు. బతుకు పాఠం చెప్పింది, ఆ పాఠం నిజమో కాదో శాస్త్రం తేల్చింది. ఈ వరస తలకిందులు చేసినవాళ్లు నా దృష్టిలో వైద్యులు కారు.

అసలైన డీబీటీలో ఒంటరి థెరపిస్టు ఉండరు. వాళ్లకీ వారం వారం ఒక బృందం ఉంటుంది, రోగుల బరువు మోసేవాళ్ల బరువు మోయడానికి. నకలు కొట్టేవాళ్లు ముందు ఎగ్గొట్టేది దీన్నే.

కాబట్టి మీ ఇంట్లో పిల్లకో పిల్లాడికో ఈ చికిత్స అవసరమైతే మొహమాటపడకుండా అడగండి: రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా? నైపుణ్యాలు నేర్పే గ్రూపు తరగతి ఉందా? కలయికల మధ్య ఫోన్ చేయొచ్చా? మీకు సలహా ఇచ్చే బృందం ఎవరు? జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. ఈ రాత్రే మాట్లాడాలనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.