మిగిలిన 335 కిలోమీటర్లు

తెల్లవారుజామున నాలుగింటికి బైకులో పెట్రోలు కొట్టించుకుని బిల్లు అడిగితే, బంకు కుర్రాడు నిద్రకళ్లు నులుముకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. లారీవాళ్లు బిల్లు అడుగుతారు, ఓనరుకు లెక్క చెప్పుకోవాలి కాబట్టి. పాత పల్సర్ 220 మీద వచ్చినోడికి బిల్లెందుకు? "ఎవురికి చూపియ్యల్ల సార్?" అన్నాడు. అమెరికాలో ఒక సంఘానికి అంటే పొద్దున్నే మందేసి వచ్చాననుకుంటాడు. నవ్వి ఊరుకున్నాను. బిల్లు మీద టైము 4:07. దాన్ని మీటరు పక్కన పట్టుకుని ఫోన్లో ఫొటో తీసుకుని పలమనేరు నుంచి బయల్దేరాను.

ఆ సంఘం పేరు ఐరన్ బట్ అసోసియేషన్. తెలుగు చేస్తే 'ఇనుప పిర్రల సంఘం' అవుతుంది. పత్రికలో రాయడానికి నాకు మొహమాటమే గాని, పేరు పెట్టుకున్నవాళ్లకు అదేమీ లేదు. వాళ్లు పెట్టే పరీక్షల్లో పేరున్నది శాడిల్‌సోర్ 1000. ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు బైకు మీద తిరగాలి. అది దాటినవాళ్లకు 36 గంటల్లో 1,500 మైళ్లు ఉంది. అన్నిటికీ పైన, పదకొండు రోజుల్లో పదకొండు వేల మైళ్ల లెక్కన సాగే ఐరన్ బట్ ర్యాలీ ఉంది. అది 1984లో మొదలైంది. శాడిల్‌సోర్‌లో ఫస్టు, సెకండు ఉండవు. తిరిగామని రుజువు చూపించాలి, అంతే. బయల్దేరినచోట బిల్లు, మలుపు తిరిగినచోట బిల్లు, చేరినచోట బిల్లు, మీటరు అంకెలు. మా చిత్తూరు జిల్లాలో మాట నిజమో కాదో తేలాలంటే కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయిస్తారు. వీళ్లకు పెట్రోలు బిల్లే ప్రమాణం.

పలమనేరులో పెరిగినవాడికి ఈ దూరాల పిచ్చి పట్టడంలో వింతేం లేదు. మాది బెంగళూరు నుంచి చెన్నైకి పోయే పాత రోడ్డు మీది ఊరు. మూడు రాష్ట్రాల బస్సులు, టమోటా లారీలు రాత్రంతా పోతూనే ఉంటాయి. చిన్నప్పుడు అరుగు మీద కూచుని నంబరు ప్లేట్లు చదవడమే మా ఆట. ఎంహెచ్ అని కనిపిస్తే పది మార్కులు, కేఏకి ఒకటే. ఆ ఎంహెచ్ బండ్లు వచ్చే చోటిదాకా ఒక్క రోజులో పోయి రావాలన్న కోరిక నలభై ఏళ్లు దాటాక తీర్చుకుందామనుకున్నాను.

దారి సులువైనదే. నంగిలి, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు. అక్కడినుంచి తుమకూరు, చిత్రదుర్గం, దావణగెరె, హుబ్బళ్లి, బెళగావి, కొల్హాపూర్. ఇంకొంచెం పోయి కరాడ్ దగ్గర మలుపు తిరిగితే సుమారు 820 కిలోమీటర్లు. పోనూ రానూ 1,640. కష్టమంతా లెక్కలో ఉంది. నాలుగు వరసల రోడ్డు మీద మన దేశంలో బైకుకు గరిష్ఠ వేగం గంటకు 80. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తగ్గకుండా అదే వేగంతో పోయినా 1,609 కిలోమీటర్లకు ఇరవై గంటలు దాటుతుంది. ఇక మిగిలేది నాలుగు గంటల లోపే. పెట్రోలు, అన్నం, నీళ్లు, ఒంటికి రెంటికి, బెంగళూరు ట్రాఫిక్, కునుకు, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

బండి సిద్ధం చేసిన మెకానిక్ భాయ్ ఈ రోడ్డు బండ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడు. చైను, స్ప్రాకెట్లు మార్చాడు. పాత క్లచ్ కేబుల్ వెంబడే కొత్తది కూడా లాగి కట్టిపెట్టాడు. దారిలో తెగితే ట్యాంకు విప్పే పని లేకుండా రెండు చివర్లు తగిలిస్తే చాలు. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ అడిగాడు:

"యాడికి సార్ ఇంత దూరం? ఏం పనుండాది?"

"పనేం లేదు భాయ్. పోయి వచ్చేదే."

"పన్లేకుండా పోతే నడుంనొప్పి రొంత ఎక్కువుంటాది సార్."

నొప్పి గురించి అతనికి తెలిసినంత నాకు తెలియదని చిత్రదుర్గం దాటాక అర్థమైంది. మొదట ఒళ్లు కాదు, గుడ్డలు బాధ పెడతాయి. లోపలి బట్టల కుట్టు ఐదు గంటల తర్వాత కత్తి అంచులా ఒరుసుకుంటుంది. తర్వాత కుడి అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది. మెడ బిగుస్తుంది. సీటు మీద లారీ డ్రైవర్లు వాడే చెక్కపూసల కవరు వేసుకున్నాను కాబట్టి సరిపోయింది.

మరి ఇందులో సుఖమేంటని అడుగుతారు. చెబుతాను. మూడు, నాలుగు గంటలు గడిచాక బుర్రలోని రొద సన్నగిల్లుతుంది. ఆఫీసులో మాట పడ్డ సంగతి, బ్యాంకు వాయిదా, పిల్లవాడి మార్కులు ఒక్కొక్కటే జారిపోతాయి. అద్దం, రోడ్డు, ముందున్న లారీ వెనక చక్రం, ఈ మూడే మిగులుతాయి. చెరువు కట్ట పక్కన పోతే చలి మోకాళ్లకు తగులుతుంది, కట్ట దాటగానే వదిలేస్తుంది. తుమకూరు కొబ్బరితోటలు పోయి చిత్రదుర్గం గాలిమరలు వస్తాయి. హుబ్బళ్లి దగ్గర నేల నల్లబడుతుంది. పొద్దున తెలుగులో బయల్దేరిన బోర్డులు టిఫిన్ వేళకు కన్నడమై, మధ్యాహ్నం దాటాక మరాఠీ అయిపోతాయి. కొల్హాపూర్ చేరబోతుంటే చెరుకు ఆడే కాలం కావడంతో గాలి నిండా కాగే బెల్లం వాసన. ఆ వాసన ఒక్కటి చాలు, పొద్దుటి నుంచి పడ్డ తిమ్మిర్లకు.

కానీ అప్పటికే నేను వెనకబడ్డాను. ఈ విద్యలో ముదిరినవాళ్లు వేగం పెంచమని చెప్పరు. ఆగినచోట టైము పారబోయొద్దంటారు. ఆ మాట ఎందుకన్నారో కాగితం మీద వేసి చూడండి. ఇరవై నిమిషాలు టీకి ఆగితే 80 వేగంలో 27 కిలోమీటర్లు పోయినట్టు. ఆ ఇరవై నిమిషాలు తిరిగి సంపాదించాలంటే, 80 బదులు 90లో ఏకబిగిన 240 కిలోమీటర్లు పోవాలి. నేను తుమకూరు దాటాక ఇడ్లీకి ఆగాను. హుబ్బళ్లిలో చైనుకు ఆయిలు కొట్టి, పక్కవాడు బండి గురించి అడిగితే పావుగంట కబుర్లు చెప్పాను. బెళగావిలో భోజనం. ఏ ఒక్కటీ తప్పనిపించలేదు. కరాడ్ బంకులో మలుపు బిల్లు చేతికి వచ్చేసరికి సాయంత్రం ఐదు. పదమూడు గంటలు ఖర్చు, పదకొండు మిగులు, సగం దూరం బాకీ.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కరాడ్‌లో కృష్ణ, కొయనా నదులు కలుస్తాయి. శ్రీశైలానికి, బెజవాడకు పోయే కృష్ణే. హంద్రీ–నీవా కాలువతో కుప్పం దాకా తెచ్చుకున్నదీ ఆ నీళ్లే. ఆ సంగమం అక్కడికి కొద్ది దూరంలోనే ఉంది. బిల్లు జేబులో పెట్టుకుని బండి తిప్పేశాను. ఇంటికొచ్చాక మా అమ్మ, "అంత దూరం పోయి ఏం చూస్తివి నాయనా?" అని అడిగితే, పెట్రోలు బంకు అనే చెప్పాల్సి వచ్చింది.

చీకటి పడ్డాక ఆ రోడ్డు వేరు. చెరుకు ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు తగిలించుకుని, వెనక ఎర్రలైటు లేకుండా నిదానంగా పోతుంటాయి. మన హెడ్‌లైటు పడేదాకా అక్కడ బండి ఉందనే తెలియదు. సర్వీసు రోడ్డు నుంచి ఎదురుగా వచ్చేవాళ్లు, డివైడరు మీంచి దూకే కుక్కలు సరేసరి. దావణగెరె దాటాక నాకు గుర్తున్న సంగతి ఒకటుంది. ముందు టార్పాలిన్ కప్పిన లారీ పోతోంది, దాని వెనక రాసిన అక్షరాలు చదువుతున్నాను. మళ్లీ చూసేసరికి ఆ లారీ లేదు. పక్కకు తిరిగిందో, నేనే దాటేశానో ఇప్పటికీ తెలియదు. 80 వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. రెప్ప మూడు సెకన్లు వాలితే మూడు రైలు బోగీల పొడవున బండి దానంతట అది పోయినట్టు.

చిత్రదుర్గం దగ్గర బంకులో ఆగాను. బిల్లు మీద టైము 12:46. మీటరు 1,305 చూపిస్తోంది. ఇంటికి 335 కిలోమీటర్లు. గడువుకు మూడు గంటల ఇరవై నిమిషాలు. భాగిస్తే గంటకు వంద. అర్ధరాత్రి, మధ్యలో బెంగళూరు, ముందురోజు మూడింటికి లేచిన కళ్లు.

ఇక్కడ పొద్దుటి మందు మాట గుర్తొచ్చింది. 1997లో డాసన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు 'నేచర్'లో ఒక ప్రయోగం ప్రకటించారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుతనం, నెత్తుట్లో వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములే. నేను లేచి అప్పటికి దాదాపు ఇరవై రెండు గంటలు. చుక్క ముట్టకుండానే తాగినోడినయ్యాను. పోలీసుల ఊదుడు యంత్రానికి దొరకను, అంతే తేడా. ఇరవై నాలుగు గంటల పరీక్షకు కూచున్న ప్రతివాడూ చివరి గంటల్లో ఈ స్థితిలోనే బండి నడుపుతాడు. మధ్యలో కోడికునుకులు తీయమని పెద్దలు చెప్పేది అందుకే. కునుక్కి కూడా టైము పొదుపు చేసుకోవాలి. నేను దాన్ని హుబ్బళ్లిలో కబుర్లకు ఖర్చుపెట్టాను.

బంకులో సిమెంటు బల్ల మీద ఒక లారీ డ్రైవరు చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. తమిళనాడు బండి. నన్ను చూసి కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. జాకెట్ విప్పకుండానే ఒరిగాను. లేచేసరికి తెల్లగా తెల్లారింది, గడువు దాటిపోయింది, లారీ కూడా వెళ్లిపోయింది.

ఆ ఓటమి కొన్నాళ్లు ముల్లులా గుచ్చింది. తర్వాత విశాఖపట్నం కుర్రాడు భరద్వాజ్ దయాల యాత్రను లెక్కేసి చూశాను. హీరో హోండా కరిజ్మా మీద 2006లో ఒంటరిగా బయల్దేరి, ప్రపంచం చుట్టి 2007లో ఇల్లు చేరాడు. పద్దెనిమిది నెలలు, సుమారు 47,000 కిలోమీటర్లు. రోజుకు సగటు ఎనభై ఐదు. అంటే పలమనేరు నుంచి తిరుపతికి పోయినంత కూడా కాదు! 2018లో జై భారతి సహా నలుగురు మహిళలు బైకుల మీద హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగారు. దానికి దాదాపు రెండు నెలలు తీసుకున్నారు. దూరాన్ని గెలిచినవాళ్లు దాన్ని రోజుల్లోకి పంచుకున్నారు. నేను ఒక్క రోజులోకి కుక్కబోయాను.

శాడిల్‌సోర్ తప్పుడు పని అనను. అమెరికాలో వందల మైళ్లు ట్రాక్టరు ఎదురుపడని రోడ్ల మీద పుట్టిన పరీక్ష అది. మన దగ్గర అంత శుభ్రమైన రోడ్డంటే ఎక్స్‌ప్రెస్‌వే. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు నుంచి బైకులను రానివ్వడం లేదు. మిగిలిన రోడ్ల సంగతి అంకెలే చెబుతాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లే. మా ఊరి దగ్గరి మొగిలి ఘాటులో 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నప్పుడు పోయినవాళ్లెవరూ పందెం కాసి రోడ్డెక్కలేదు. పని మీద పోతున్నవాళ్లు. పనిలేకుండా పోయేవాడు ఆ రోడ్డు మీద వాళ్లకు అదనపు ప్రమాదం కాకూడదు.

కాబట్టి, ఈ పరీక్షకు కూచోవాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బయల్దేరే ముందే ఒక కాగితం మీద రాసుకోండి: మిగిలిన దూరాన్ని మిగిలిన గంటలతో భాగిస్తే 80 దాటిన క్షణాన బండి ఆపేస్తానని. ఆ కాగితాన్ని ట్యాంకు మీద అతికించుకోండి. అర్ధరాత్రి దాటాక లెక్క వేసే బుర్ర మనది కాదు, ముందే వేసిపెట్టాలి.

నా గోడ మీద సర్టిఫికెట్ లేదు. ఆ రోజు ఇరవై నాలుగు గంటల్లో నేను నడిపింది 1,305 కిలోమీటర్లు. కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా ఇదే చెబుతాను.